కొనుక్కునే పౌరసత్వం

మొన్న సంక్రాంతికి అత్తవారి ఊరు వెళ్ళినప్పుడు మా బావమరిది నా చేతిలో రెండు వస్తువులు పెట్టాడు. ఒకటి, అద్దంలా మెరిసే కాగితం మీద రంగురంగుల బొమ్మలతో అచ్చువేసిన ఇంగ్లీషు పుస్తకం. అట్టమీద నీలి సముద్రం, కొబ్బరిచెట్లు, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న ఒక కుటుంబం. రెండోది, మడతల దగ్గర చిరుగులు పడి, పసుపురంగుకు తిరిగిపోయిన స్టాంపు కాగితాల కట్ట. అది మా బావమరిది తాతగారు 1958లో రాయించుకున్న నాలుగెకరాల పొలం దస్తావేజు.

"బావగారూ, ఈ దస్తావేజును మీరు ఇంగ్లీషులోకి మార్చిపెట్టాలి. హైదరాబాదులో ఎవరికో ఇస్తే ఇందులో సగం మాటలు తెలుగే కాదన్నాడు" అన్నాడు.

"ఎవరికోసమోయ్?" అన్నాను.

"గ్రెనడా గవర్నమెంటుకి" అన్నాడు, తాలూకా కచేరీకి అన్నంత తేలికగా.

తెలుగు ఎమ్మే చదివి, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో ప్రబంధాలు పాఠం చెబుతున్నవాణ్ణి. దస్తావేజు తెలుగు నాకు కొత్త కాదు. కాని గ్రెనడా ఎక్కడుందో చెప్పమంటే మాత్రం అట్లాసు తీయవలసి వచ్చింది. వెస్టిండీస్ దీవుల వరసలో, దక్షిణపు చివర, ఆవగింజంత చుక్క. విస్తీర్ణం 344 చదరపు కిలోమీటర్లు. జనాభా లక్షకు కాస్త ఎక్కువ. మన భీమవరం పట్టణం జనాభా ఆ దేశానికంటే తక్కువేమీ కాదు.

ఆ చుక్కంత దేశపు పౌరసత్వాన్ని మావాడు కొనబోతున్నాడు. దాని ఖరీదు 2,35,000 డాలర్లు. అతనికీ, భార్యకీ, ఇద్దరు పిల్లలకీ కలిపి ఒకటే ధర. మన రూపాయల్లో రెండు కోట్ల చిల్లర. ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో రుజువు చూపాలి గనక ఈ దస్తావేజు. పొలం అమ్మితేగాని ఆ సొమ్ము రాదు. అందుకని అది అమ్మకానికి పెట్టాడు.

చెరువుల మీద నాలుగు రాళ్ళు సంపాదించుకున్నవాడే గాని, మావాడు దురాశాపరుడు కాడు. పెద్దకొడుక్కి పంతొమ్మిదేళ్ళు. వాడికి అమెరికా మీద మనసు. స్నేహితుల పిల్లలు వీసా కిటికీ దగ్గర పడే అవస్థలు చూసి, "వేరే దోవ ఉందిట బావగారూ" అని ఎవరో చెప్పిన మాట పట్టుకున్నాడు. తండ్రి అన్నవాడు పట్టుకోడా మరి!

అనువాదం మొదలుపెట్టేముందు అసలు ఈ వ్యాపారం ఏమిటో తెలుసుకోవాలనిపించింది. రెండు నెలలపాటు దొరికిందల్లా చదివాను. తెలుసుకున్నది పాఠకులతో పంచుకుంటే మరి నాలుగు కుటుంబాలకు పనికిరావచ్చునని ఇది రాస్తున్నాను.

పాత సరుకే

పౌరసత్వాన్ని అమ్మడం ఈనాటి వింత కాదు. బైబిలులో అపొస్తలుల కార్యములలో ఒక ఘట్టం ఉంది. యెరూషలేములో పౌలును కొరడాలతో కొట్టించబోతే, తాను రోమా పౌరుణ్ణని ఆయన చెబుతాడు. సైనికాధికారి హడలిపోతాడు. తాను ఆ పౌరసత్వాన్ని బోలెడు ద్రవ్యం పోసి సంపాదించానని ఆ అధికారి చెప్పుకుంటే, తనకది పుట్టుకతోనే వచ్చిందని పౌలు జవాబిస్తాడు. రెండువేల ఏళ్ళనాడు కూడా కొన్నవాడికీ పుట్టినవాడికీ మధ్య ఈ తేడా ఉండేదన్నమాట.

ఇక నేటి వ్యాపారం పుట్టింది సెయింట్ కిట్స్-నీవిస్ అనే జంటదీవుల్లో. ఆ దేశానికి 1983 సెప్టెంబరులో స్వాతంత్ర్యం వచ్చింది. 1984లో చేసుకున్న పౌరసత్వ చట్టంలోనే, దేశానికి పెట్టుబడి తెచ్చినవాళ్ళకు పౌరసత్వం ఇవ్వవచ్చునని రాసుకున్నారు. మొదట్లో బేరాలు పెద్దగా లేవు. ఆ దీవుల బతుకంతా చెరకు మీద. మూడు శతాబ్దాలు చెరకు పండించి, ధర గిట్టుబాటు కాక, 2005లో ఆ ప్రభుత్వం పంచదార పరిశ్రమనే మూసివేసింది. మరుసటేడు ఒక నిధిని స్థాపించారు. పౌరసత్వం కోరే విదేశీయుడు ఆ నిధికి విరాళం ఇస్తే చాలు, అక్కడ ఇల్లూ వాకిలీ కొననక్కరలేదన్నారు. దానితో వ్యాపారం ఊపందుకుంది. అంతర్జాతీయ ద్రవ్యనిధి నిపుణుల లెక్క ప్రకారం 2013 నాటికి ప్రభుత్వరంగానికి ఈ దోవన వచ్చిన సొమ్ము ఆ దేశపు జాతీయోత్పత్తిలో దాదాపు నాలుగోవంతు! చెరకు బదులు పాస్‌పోర్టులు పండించారంటే అతిశయోక్తి కాదు.

డొమినికా 1993లో ఈ దారి పట్టింది. ఆంటిగ్వా, గ్రెనడా 2013లో, సెయింట్ లూసియా ఆ తరువాత వచ్చి చేరాయి. గ్రెనడా అంతకు పూర్వమే ఒకసారి మొదలుపెట్టి, 2001 సెప్టెంబరు దాడుల తరువాత భయపడి ఆపుకుంది. ఒకరికంటే ఒకరు చవగ్గా అమ్ముకుంటూ వచ్చిన ఈ దీవులు, 2024లో కూడబలుక్కుని, రెండులక్షల డాలర్లకు తక్కువ అమ్మరాదని కట్టుబాటు చేసుకున్నాయి. మన రైసుమిల్లుల వాళ్ళు ధాన్యానికి ధర కట్టుకున్నట్టే.

దీన్నంతటినీ పాపపు సొమ్మని తీసిపారేయడానికి నాకు మనసొప్పలేదు. 2017 సెప్టెంబరులో మరియా అనే తుపాను డొమినికాను తుడిచిపెట్టింది. నష్టం ఆ దేశపు ఏడాది ఉత్పత్తికి రెండింతలకు పైన, కచ్చితంగా చెప్పాలంటే 226 శాతం! మన దివిసీమ ఉప్పెన గుర్తున్నవాళ్ళకు ఆ బాధ వేరే వర్ణించనక్కరలేదు. ఆ తరువాత అక్కడ లేచిన ఇళ్ళలో చాలా వాటికి డబ్బు పౌరసత్వం అమ్మగా వచ్చిందే. చిన్నదేశం, అమ్ముకోవడానికి మరో సరుకు లేనిది, తన పేరునే అమ్ముకుంది.

కొనేవాళ్ళలోనూ అందరూ దొంగలు కారు. సిరియానుంచో లెబనాన్‌నుంచో బయటపడిన వ్యాపారస్థుడికి తన దేశపు పాస్‌పోర్టు ఏ విమానాశ్రయంలో చూపినా నిలబెట్టి ప్రశ్నించే కాగితం. అటువంటివాడు రెండో పాస్‌పోర్టు కొనుక్కుంటే తప్పుపట్టడానికి మనమెవరం?

1857 నాటి ఓడ

గ్రెనడా సంగతి చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. 1857 మే ఒకటో తేదీన 'మెయిడ్‌స్టన్' అనే ఓడ కలకత్తానుంచి ఆ దీవికి చేరింది. అందులో దిగినవాళ్ళు మూడువందలకు అటూ ఇటూగా మన భారతీయ కూలీలు. దారిలో చచ్చినవాళ్ళను సముద్రంలో వేయగా మిగిలినవాళ్ళు. నీగ్రో బానిసలకు విముక్తి వచ్చాక తోటల్లో పనికి మనుషులు చాలక, ఒడంబడికల మీద వేలిముద్రలు వేయించుకుని మనవాళ్ళను తోలుకుపోయారు. తరువాతి ముప్పై ఏళ్ళలో అలా వెళ్ళినవాళ్ళు మూడువేల పైచిలుకు. మన తెలుగు కూలీలు ఆ రోజుల్లోనే మారిషస్‌కూ, నేటాలుకూ, ఆ తరువాత ఫిజీకీ, రంగూనుకూ వెళ్ళారు. కోనసీమ, విశాఖ ప్రాంతాల్లో "రంగం వెళ్ళాడు" అన్న మాట ఇప్పటికీ ముసలివాళ్ళ నోట వినిపిస్తుంది.

అప్పుడు పొలం లేనివాడు ఆ దీవికి వెళ్ళాడు. ఇప్పుడు పొలం ఉన్నవాడు అదమ్మి, వెళ్ళనక్కరలేకుండానే ఆ దీవి మనిషి కాబోతున్నాడు. ఆ కూలీల మునిమనవలు అక్కడే ఉన్నారు. జాజికాయ తోటలు వేసుకున్నారు. గ్రెనడా జెండామీద కూడా జాజికాయ బొమ్మ ఉంటుంది. 2004లో ఐవన్ తుపానుకు ఆ తోటలు కూలితే, మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పట్టింది. మావాడికి ఈ సంగతి చెబితే, "అక్కడ మనవాళ్ళున్నారా బావగారూ!" అని సంతోషించాడు.

కాగితం చెల్లని రోజు

కొనుక్కున్న పౌరసత్వం అవసరం వచ్చినప్పుడు ఆదుకుంటుందా? దీనికొక పాత కథ ఉంది.

ఫ్రీడ్రిక్ నోటెబోమ్ అనే ఆయన 1881లో జర్మనీలోని హాంబర్గులో పుట్టాడు. 1905లో మధ్య అమెరికాలోని గ్వాటెమాలా వెళ్ళి వ్యాపారంలో బాగా గడించాడు. 1939 సెప్టెంబరులో రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. జర్మనుడన్న పేరుంటే ముప్పని గ్రహించి, ఆయన అక్టోబరులో లిక్టెన్‌స్టైన్ అనే చిట్టిదేశపు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. అక్కడ మూడేళ్ళు నివసించాలన్న నియమం ఉంటే, దాన్ని సడలించారు. రుసుములు కట్టాడు. పని రోజుల్లో అయిపోయింది. కొత్త పాస్‌పోర్టుతో గ్వాటెమాలా తిరిగివచ్చాడు. కాని 1943లో ఆ దేశం ఆయన్ని శత్రుదేశీయుడిగానే పట్టి అమెరికాకు అప్పగించింది. 1946 దాకా నిర్బంధం. ఆస్తి స్వాధీనమైపోయింది. లిక్టెన్‌స్టైన్ ఆయన తరఫున హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. 1955 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. ఆ దేశంతో ఈ మనిషికి నిజమైన సంబంధం ఏదీ లేదు గనక, అతని పక్షాన గ్వాటెమాలా మీద దావావేసే హక్కు దానికి లేదన్నారు. ముప్పైనాలుగేళ్ళు బతికిన ఊరు పరాయిదయింది. డబ్బు కట్టిన ఊరు అడ్డం పడలేకపోయింది.

అదే 1955 డిసెంబరులో మన పార్లమెంటు భారత పౌరసత్వ చట్టాన్ని చేసింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఈనాటి కథలూ ఆ దోవనే నడుస్తున్నాయి. సెయింట్ కిట్స్ పాస్‌పోర్టు చూపితే కెనడాకు వీసా అక్కరలేకుండా ఉండేది. 2014 నవంబరులో కెనడా ఆ సౌకర్యాన్ని రద్దుచేసింది. 2023 జులైలో బ్రిటన్ డొమినికా, వనువాటు దేశాల వాళ్ళకు వీసా తప్పదంది. వనువాటు పౌరులకు ఐరోపా సమాఖ్య ఇచ్చిన మినహాయింపు 2024లో పూర్తిగా పోయింది. ఏ ఆశతో డబ్బు పోశారో ఆ ఆశ ఒక్క ప్రకటనతో పోవచ్చునన్నమాట. మరో చిక్కు ఏమిటంటే, ఆ ప్రకటన చేసేది డబ్బు పుచ్చుకున్న దేశం కాదు. అడగడానికి మనకు ఎవరూ ఉండరు.

ఐరోపాలో రెండు దేశాలు ఈ వ్యాపారం పెద్దయెత్తున చేశాయి. సైప్రస్‌లో 2020లో ఒక టెలివిజన్ సంస్థ రహస్యంగా తీసిన చిత్రాలు బయటపడి, పార్లమెంటు స్పీకరే రాజీనామా చేయవలసి వచ్చింది. ఆ ఏడు నవంబరు ఒకటిన పథకం మూసేశారు. మాల్టా 2014లో మొదలుపెట్టింది. 2025 ఏప్రిల్ 29న ఐరోపా న్యాయస్థానం, పౌరసత్వాన్ని సరుకులా అమ్మడం సమాఖ్య చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. దానితో అదీ ఆగింది.

మన దేశస్థుల పేర్లు కూడా ఈ కథల్లో ఉన్నాయి. వేలకోట్ల బ్యాంకు మోసం కేసులో నిందితుడైన మెహుల్ చోక్సీ, ఆ కేసు బయటపడటానికి కొద్దినెలల ముందు, 2017లో, ఆంటిగ్వా పౌరసత్వం పొందాడు. క్రికెట్ లీగుతో పేరు మోగిన లలిత్ మోదీ వనువాటు పౌరుడయ్యాడు. 2025 మార్చిలో ఆ దేశ ప్రధాని అతని పాస్‌పోర్టు రద్దుచేయమని ఆదేశించారు. కొన్న కాగితాన్ని అమ్మినవాడే వెనక్కి తీసుకోగలడని దీనివల్ల తెలుస్తున్నది.

వీటన్నిటికంటే నా మనసును పట్టుకున్నది కొమొరోస్ దీవుల సంగతి. గల్ఫ్ దేశాల్లో తరతరాలుగా నివసిస్తున్నా ఏ దేశపు పౌరులూ కాని జనం ఉన్నారు. వాళ్ళను బిదూన్ అంటారు. అంటే అరబ్బీలో 'లేనివాళ్ళు' అని. వాళ్ళకు తమ పౌరసత్వం ఇవ్వక, 2008 చట్టం దరిమిలా కొమొరోస్ దేశం పాస్‌పోర్టులను టోకున కొనిపెట్టిన ప్రభుత్వం కూడా ఉంది. కాగితం ఒక దేశానిది, బతుకు మరో దేశంలో. కాగితం ఇచ్చిన దేశాన్ని వాళ్ళు కళ్ళతో చూడలేదు. ఆ అమ్మకాల వ్యవహారంలో కొమొరోస్ మాజీ అధ్యక్షుడు సాంబీకి 2022లో యావజ్జీవ శిక్ష పడింది. డబ్బున్నవాడికి రెండో పౌరసత్వం ఒక సదుపాయం. లేనివాడికి మొదటిదే దొరకడం లేదు.

ఏజెంటుగారి సభ

ఫిబ్రవరిలో మా బావమరిదితో కలిసి హైదరాబాదులో ఒక పెద్ద హోటలులో జరిగిన సభకు వెళ్ళాను. కాఫీ బాగుంది. వచ్చినవాళ్ళు నలభైమంది ఉంటారు. డాక్టర్లు, బిల్డర్లు, ఒకరిద్దరు మాలాంటి వెంట వచ్చినవాళ్ళు. ఏజెంటుగారు తెర మీద బొమ్మలు చూపిస్తూ చక్కటి ఇంగ్లీషులో మాట్లాడారు. గ్రెనడాకూ అమెరికాకూ 1989 నుంచి ఒక వ్యాపార ఒప్పందం ఉందనీ, దానివల్ల గ్రెనడా పౌరులు అమెరికాలో వ్యాపారం పెట్టుకుని ఇ-2 అనే వీసామీద ఉండవచ్చుననీ, భారతదేశానికి అటువంటి ఒప్పందం లేదనీ చెప్పారు. ఇంతవరకూ అక్షరాలా నిజం.

నేను చేయెత్తి అడిగాను. "అయ్యా, 2022 డిసెంబరులో అమెరికా చట్టం మారిందిగదా. డబ్బు పెట్టి పౌరసత్వం కొన్నవాళ్ళు ఆ దేశంలో మూడేళ్ళు స్థిరనివాసం ఉంటేగాని ఆ వీసాకు అర్హులు కారట. దాని మాటేమిటి?"

ఆయన ముఖంలో చిరునవ్వు తగ్గలేదు. "అది చిన్న విషయమండీ. మా లాయరుగారు చూసుకుంటారు" అని తరువాతి బొమ్మకు వెళ్ళిపోయారు.

బయటికి వచ్చాక మావాడు మెట్లమీద ఆగిపోయాడు. "మూడేళ్ళా బావగారూ? అక్కడ ఉండాలా?"

"ఉండాలి. నీ కొడుక్కిప్పుడు పంతొమ్మిది. మూడేళ్ళయితే ఇరవై రెండు. నీ వీసా వెంట కొడుకుగా వెళ్ళే వీలు ఇరవై ఒకటితో సరి. ఆ తరువాత వాడి దోవ వాడే చూసుకోవాలి. పైగా ఆ వీసా గ్రీన్‌కార్డు కాదు. వ్యాపారం నడిచినన్నాళ్ళే."

అతను వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. లెక్క తప్పితే బాగుండునన్నట్టు మళ్ళీ పెట్టుకున్నాడు. నాకు జాలివేసింది. చెరువులో రొయ్య ఎన్ని గ్రాములుందో చూడకుండా చెప్పగలిగినవాడు, కొడుకు సంగతి వచ్చేసరికి అచ్చుపుస్తకంలో నవ్వుతున్న బొమ్మలను నమ్మాడు.

అత్తయ్యగారి ప్రశ్నలు

ఉగాదికి మళ్ళీ ఊళ్ళో కలుసుకున్నాం. పొలంలో మా అత్తయ్యగారికి కూడా వాటా ఉంది గనక, ఆమె సంతకం లేకుండా అమ్మకం జరగదు. భోజనాలయ్యాక వరండాలో అందరం కూచున్నాం. "నాకు అర్థమయ్యేలా చెప్పండి బాబూ" అన్నారామె.

నేను చెప్పాను. మన రాజ్యాంగం తొమ్మిదో అధికరణం, 1955 చట్టం తొమ్మిదో సెక్షన్ చెప్పేదేమిటంటే, తనంతతానుగా మరో దేశపు పౌరసత్వం పుచ్చుకున్న భారతీయుడు ఆ క్షణాన్నే భారత పౌరుడు కాకుండా పోతాడు. ఏజెంట్ల పుస్తకాల్లో 'రెండో పౌరసత్వం' అని ఉంటుంది. మనకు రెండోది లేదు. ఒకటి పోతేనే మరొకటి. పాత పాస్‌పోర్టు అప్పగించాలి. దాచుకుని వాడితే నేరం.

"అయితే ఓటు?"

"ఉండదండీ."

ఆమె ఒక్క నిమిషం ఊరుకున్నారు. ఊళ్ళో ఏ ఎన్నికకూ ఓటు మానని మనిషి. మామగారు పోయిన నెలలో వచ్చిన పంచాయతీ ఎన్నికలకు కూడా చెయ్యిపట్టి నడిపిస్తే వెళ్ళి వేసి వచ్చారు.

"అయితే మనవాడు మనూరికి రావాలంటే పర్మిషన్ తెచ్చుకోవాలా?"

దానికి ఓ.సి.ఐ. కార్డు ఉందని చెప్పాను. విదేశీ పౌరులైన మనవాళ్ళకు జీవితాంతం వీసా అక్కరలేకుండా వచ్చిపోయే ఏర్పాటు. మొట్టమొదట ఆ కార్డులు 2006 జనవరిలో మన హైదరాబాదులో జరిగిన ప్రవాసీ సభలోనే ఇచ్చారు. ఉండవచ్చు, ఇల్లు కొనవచ్చు, వ్యాపారం చేయవచ్చు. ఓటు వేయరాదు, ఎన్నికల్లో నిలబడరాదు. వ్యవసాయభూమి కొనరాదు.

మా బావమరిది తల ఎత్తాడు. "భూమి కొనకూడదా?"

"ఉన్నది ఉంచుకోవచ్చు. వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. కొత్తగా మాత్రం ఒక్క సెంటు కొనడానికి లేదు. నువ్వేమో ఉన్నది అమ్మి పౌరసత్వం కొంటున్నావు. రేపు మనసు మారి మళ్ళీ పొలం కొందామన్నా చట్టం ఒప్పుకోదు."

ఈ సంగతి ఏజెంటు పుస్తకంలో లేదు. అబద్ధం చెప్పారని అనను. అది వాళ్ళ సరుకు కాదు గనక చెప్పలేదు.

"అయితే చుట్టంలాగా వచ్చి చుట్టంలాగా పోతాడన్నమాట" అన్నారు అత్తయ్యగారు. కోపంగా అనలేదు. చట్టాన్ని తనకు తెలిసిన మాటల్లోకి మార్చుకున్నారంతే. నేను చేసే అనువాదాలకంటే అది బాగుంది.

అప్పుడు మా మేనల్లుడు, ఇంతసేపూ గోడకానుకుని వింటున్నవాడు, నోరు విప్పాడు. "మావయ్యా, ఏటా రెండులక్షలమంది వదులుకుంటున్నారుగా. వాళ్ళంతా తెలివితక్కువవాళ్ళా?"

మంచి ప్రశ్న. కుర్రవాడు చదివే వచ్చాడు. పార్లమెంటులో ప్రభుత్వం చెప్పిన లెక్కల ప్రకారం 2011లో భారత పౌరసత్వం వదులుకున్నవాళ్ళు 1,22,819 మంది. 2022లో 2,25,620 మంది. 2024లో 2,06,378 మంది. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. కాని వాళ్ళలో అత్యధికులు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో చదివి, ఉద్యోగాలు చేసి, ఏళ్ళతరబడి అక్కడ పన్నులు కట్టి, పిల్లల్ని అక్కడి బళ్ళలో చదివించి, చివరికి ఆ దేశపు మనుషులైనవాళ్ళు. బతుకు ముందు వెళ్ళింది, కాగితం వెనక వచ్చింది. ఇక్కడ మీ నాన్న కాగితం ముందు కొంటున్నాడు, బతుకు ఎక్కడో ఇంకా తేలలేదు. ఇదే తేడా అని చెప్పాను.

వాడు ఒప్పుకున్నాడని అనలేను. "గ్రీన్‌కార్డుకి మనవాళ్ళ వరస ఎంత ఉందో మీకు తెలుసా?" అన్నాడు. తెలుసు. ఒక్కొక్క దేశానికి ఏడు శాతమే అన్న నియమంవల్ల మనవాళ్ళు దశాబ్దాలు నిరీక్షిస్తున్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. మా కాలేజీలో చదివిన పిల్లలే పదిహేనేళ్ళుగా ఆ వరసలో ఉన్నారు. సెలవుమీద వస్తే తిరిగి వెళ్ళనిస్తారో లేదోనని, తండ్రి పోయినా రాలేకపోయినవాడు ఒకడున్నాడు. వాడి తరఫున కర్మ తమ్ముడు చేశాడు. అటువంటివాడు రేపు ఏ దీవి పౌరసత్వమో కొనుక్కుంటే నేను ఆక్షేపించలేను.

అష్టభోగాలు

ఆ రాత్రి ఏమీ తేలలేదు. తెల్లవారి మా బావమరిది, అమ్మకం ఈ ఏడు ఆపుతానన్నాడు. పిల్లవాడు అందరిలాగే పరీక్షలు రాసి, సీటు తెచ్చుకుని, చదువుకోవడానికి వెళ్తాడు. వీసా వస్తే వస్తుంది. రాకపోతే మరో ఏడు చూద్దామన్నాడు. మా చెల్లెమ్మ, అంటే అతని భార్య, తేలికగా ఊపిరి పీల్చుకుంది. మేనల్లుడు మాత్రం నాతో మూడురోజులు ముభావంగా ఉన్నాడు. నేను వాడి దారికి అడ్డంపడ్డానేమోనన్న బాధ నాకిప్పటికీ లేకపోలేదు. పదేళ్ళ తరువాత వాడు నాకు కృతజ్ఞత చెబుతాడో, నన్ను తిడతాడో ఎవరు చెప్పగలరు!

ఇటువంటి ఆలోచనలో ఉన్న కుటుంబాలకు నేను చెప్పగలిగింది కొద్దే. ఏజెంటు చెప్పిన ప్రతి సౌకర్యాన్నీ ఏ దేశం ఇస్తోందో, ఏ చట్టం కింద ఇస్తోందో, ఏ ఏడు మారిందో అడగండి. పిల్లల వయసులు పక్కన రాసుకుని లెక్క వేయండి. పోయేదేమిటో ఒక కాగితం మీద, వచ్చేదేమిటో మరో కాగితం మీద రాసుకోండి. ఆ రెండు కాగితాలూ ఇంట్లో పెద్దవాళ్ళకు వాళ్ళ భాషలో చదివి వినిపించండి. వాళ్ళడిగే ప్రశ్నలు లాయర్లకు తట్టవు.

దస్తావేజు సంగతి చెప్పలేదు కదూ. అక్కరలేకపోయినా అనువాదం పూర్తిచేశాను, మొదలుపెట్టిన పని గనక. సరిహద్దులు, సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లు తేలికగానే నడిచాయి. చిక్కంతా అష్టభోగాల దగ్గర వచ్చింది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. పాతిపెట్టిన ధనం, దాచిన సొమ్ము, నీరు, రాయి, తరగని రాబడి, రాబోయే రాబడి, ఇప్పటికే సిద్ధించింది, ఇకమీదట సాధించుకునేది. ఇన్నిటితో సహా ఆ పొలాన్ని పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించవలసిందని ఏ పల్లెటూరి దస్తావేజు లేఖరో, పాళీ సిరాలో ముంచి రాశాడు. ఒక్క 'ఆగామి'కే నాకు ఇంగ్లీషులో నాలుగు మాటలు పట్టాయి.

రెండు ప్రతులూ మా బావమరిదికి ఇచ్చాను. ఇంగ్లీషుది ఒకసారి తిరగేసి, "ఇంత ఉందా బావగారూ ఇందులో?" అన్నాడు. తరువాత తెలుగు దస్తావేజును నా చేతికిచ్చి, మేనల్లుణ్ణి పిలిచి కూచోబెట్టి, చదివి చెప్పమన్నాడు. వాడు ఇంగ్లీషు మీడియం కుర్రవాడు. ఆ లిపిలో మూడో పంక్తి దగ్గరే ఆగిపోయాడు. మిగిలింది నేను చదివాను.